రోడ్డుకు ఇటువైపు

సికింద్రాబాద్, మెట్టుగూడ. రాష్ట్రం ఇంకా విడిపోని రోజులు. కాంతమణి చనిపోయి ఏడాది. జ్ఞాపకార్థ కూడిక ముగిసింది, పాస్టరు, చర్చివాళ్లు వెళ్లిపోయారు. ముందుగదిలో ముగ్గురు మిగిలారు: ఆమె భర్త దేవానందం, ఆమె తమ్ముడు యెషయా, యెషయా భార్య ఎమిలీ. దేవానందం కూతురు మేబెల్ బయట పనిలో ఉంది.

"అయిదు నిమిషాలు బావా. అయిదంటే అయిదే. స్టేజీ మీద కూసోవాలె, మైకు ముందల నాలుగు మాటలనాలె, దిగాలె. కారు నేనే పంపిస్త."

"నాకు మైకు అలవాటు లేదు."

"ఇందాక కూడికల లేచి నిలబడలేదా? గట్లనే."

"నిలబడ్డ. మాట రాలే. కూసున్న."

"గదే చాలు బావా. నువ్వు నిలబడితేనే చాలు."

"నిలబడితే ఏమైతది?"

"జనానికి సమజైతది. ఎంత పోయిందో."

"పోయింది నాకు యెషయా. జనానికెందుకు సమజు గావాలె?"

"అన్నయ్యగారూ, కాఫీ చల్లారిపోతోంది. ముందు తాగండి."

"నువ్వు పెట్టినవా ఎమిలీ?"

"నేనేనండీ. మేబెల్ బయట టెంటుహౌస్ వాళ్లకు కుర్చీలు అప్పజెప్తోంది."

"చక్కెర ఎక్కువైంది."

"వదినగారు అంతే వేసేవారు కదా అని..."

"ఆమె వేస్తే తాగిన."

"బావా, పాస్టరుగారు అక్క గురించి మంచిగ చెప్పిండు ఇయ్యాల. ఆమె ప్రార్థనలు, ఆమె ఉపవాసాలు..."

"ఆయనకేం ఎరుక?"

"సరే, ఆ ముచ్చట పక్కకు పెట్టు. రేపటి సంగతి విను. బేగంపేట హోటల్ల మీటింగు. హెల్త్ సెక్రటరీ వస్తడు, ఫైనాన్సోళ్లు వస్తరు, ఢిల్లీ నుంచి సుత ఇద్దరు దిగుతున్నరు. ఏడేండ్ల పని బావా. రేపు వాళ్లు ఊఁ అంటే శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాక ప్రతి మండలంల ఆడోళ్లకు ఈ పరీక్ష ఫ్రీగ దొరుకుతది. ఊహూఁ అంటే ఫైలు మూసుడే."

"ఏం పరీక్ష?"

"అక్కకు వచ్చిన దానికే. గర్భసంచి మూతికి వెనిగరు పూసి చూస్తరు. చెడిపోబోయే జాగ ఉంటే తెల్లగ కనబడ్తది. అక్కడికక్కడ చల్లటి గ్యాసు పెట్టి దాన్ని చంపేస్తరు. అయిపోయె. క్యాన్సరు దాక పోనే పోదు."

"వెనిగరా? నూడుల్స్ బండి మీద ఉంటది, గదా?"

"గదే."

"సీసా ఎంత?"

"బావా..."

"అడుగుతున్న. ఎంత?"

"మనిషికి ఒక చాయ్ పైసలంత గూడ పడదు. నర్సు జీతం, గ్యాసు, జీపు కలిపితే ఇంకొంచెం. గందుకే గద నేను ఇన్నేండ్లు కొట్లాడుతున్నది! చూడు, అక్కకు ఆపరేషను, కరెంటు పెట్టుడు, అన్నిటికీ సర్కారు కార్డు మీద ఆ పెద్దాసుపత్రికి కట్టిండ్రు. ఆ పైసలతోని ఈ బస్తీ బస్తీకి పరీక్ష అయిపోయేది. రోగమొచ్చినంక లచ్చలు పోస్తరు, రాకముందుకు రూపాయి తియ్యరు. నేను చెప్తే అంకెలంటరు. నువ్వు చెప్తే..."

"ఏడుపంటరు."

"నేను గట్లనలే."

"ఇంత చవుకదాన్ని ఫైనాన్సోళ్లు ఎందుకొద్దంటున్నరు?"

"తేడా సరిపోతలేదట."

"ఏం తేడా?"

"పరీక్ష చేసిన బస్తీలకు, చెయ్యని బస్తీలకు నడుమ తేడా. చెయ్యని దగ్గర ఎక్కువమంది పోవాలె, చేసిన దగ్గర తక్కువమంది పోవాలె. ఆ తేడానే మేము కాపాడిన ప్రాణాలు. అయిన ఖర్చును వాటికి పంచితే ఒక్కొక్క ప్రాణానికి ఇంత అని వస్తది. మేము అనుకున్నంత తేడా రాలే. గందుకే ప్రాణం ధర ఎక్కువ కనబడ్తున్నది."

"ప్రాణం ధర."

"వాళ్ల మాట బావా, నాది కాదు."

"చెయ్యని బస్తీలేవి?"

"చానా ఉన్నయి. సిటీ మొత్తం..."

"ఇక్కడ ఏవి?"

"ఇక్కడ... రోడ్డుకు ఇటువైపు."

"ఇటువైపంటే మేమే."

"మీరే అని కాదు బావా. ఈ గల్లీలు. చీటీలు తీసినం. నేను తియ్యలే, ఢిల్లీ ఆయన తీసిండు. అటొస్తే అటు, ఇటొస్తే ఇటు. ఎవ్వరి చేతులల్ల లేకుండె. ఒకవైపు చెయ్యకుండ ఉంచితేనే పోల్చనీకి వస్తది. లేకుంటే ఎవ్వరు నమ్మరు. సైన్సంటే గంతే."

"మరి ఏటేటా మా ఇంటికొచ్చిన పిల్లలెవ్వరు?"

"సర్వే పిల్లలు."

"ఐరన్ గోళీలు చేతుల పెట్టి, ఒంట్ల మంచిగుందా అమ్మా అని అడిగి పోయెటోళ్లు."

"ఆఁ, వాళ్లే."

"కాంతమణి వాళ్లకు ఉప్మా చేసి పెట్టింది. వచ్చినప్పుడల్లా. చర్చి స్త్రీల సమాజం వాళ్లందరినీ పిలిచి ఈ గదిలనే చాపేసి కూసోబెట్టింది. మా తమ్ముని పని, సిగ్గుపడకండ్రి, అడిగింది చెప్పండ్రి అన్నది. నాంచారమ్మ రానంటే చెయ్యి వట్టి గుంజుకొచ్చింది."

"ఆమె లేకుంటే ఈ గల్లీల ఒక్క తలుపు తెరుచుకోకపోయేది. నేను ఆ మాట అందరికీ చెప్త బావా. రిపోర్టుల థాంక్స్ కాడ అక్క పేరు రాయించిన."

"ఆ పిల్లలు బాగోగులు అడగనీకి వచ్చిండ్రా, ఎవరు చచ్చిండ్రో చూడనీకి వచ్చిండ్రా?"

"గట్ల మాట్లాడకు."

"ఎట్ల మాట్లాడాలె? చెప్పు, దేనికొచ్చిండ్రు?"

"రెండిటికీ."

"అన్నయ్యగారూ, ఆయన ఉద్యోగం అలాంటిది. ఆయనకు మాత్రం బాధ లేదా? వదినగారు పోయాక సరిగ్గా నిద్రే పోవట్లేదు."

"ఆ రోజు డాక్టరు రోగం పేరు చెప్పంగనే కుర్చీల కూలబడ్డవు యెషయా. నాకింకా ఆ పేరు సమజే కాలే, నువ్వు చెమటలు కక్కినవ్. అక్కంటే ఎంత పాణమో అనుకున్న."

"పాణమే బావా. డిగ్రీ, పీజీ ఈ గదిల కూసునే చదివిన. అన్నం ఆమె పెట్టింది."

"పెట్టింది. రోడ్డుకు అటు కమ్యూనిటీ హాలు కాడ మీ డేరా లేసిన నాడు, అగో, ఆ గుమ్మంల నిలబడి నిన్ను అడిగింది. మా దిక్కెప్పుడురా తమ్మీ అని. నేను ఇక్కడ గడ్డం గీసుకుంటున్న. విన్న."

"అడిగింది."

"ఏమన్నవ్?"

"తర్వాత విడతల అక్కా అన్న."

"ఉండెనా తర్వాత విడత?"

"రావాలె బావా. రిజల్టు మంచిగొస్తే అందరికీ ఇయ్యాలనే గద..."

"ఉండెనా, లేకుండెనా?"

"లేకుండె."

"ఆయన వెళ్లొద్దని అనలేదు కదండీ."

"పొమ్మన్నడా?"

"పెద్దాసుపత్రికి ఎవరైనా వెళ్లొచ్చు కదా అన్నయ్యగారూ. ఎవరు ఆపారు?"

"ఒంట్ల మంచిగున్న మనిషి ఏమని పోతది ఎమిలీ? లైన్ల నిలబడి, రేపు నేను చస్తనేమో చూడుండ్రి అంటదా?"

"బావా, నీ కోపం నాకు సమజైతది. నన్ను తిట్టు. కొట్టు. కాని రేపు మాత్రం రా. ఇది నా కోసం కాదు."

"ఎవరి కోసం?"

"నేను చెప్తానండీ. పోయినావిడను మనం తేలేం. కానీ రేపు మీరు నోరు విప్పితే ఈ గల్లీకి వస్తుంది. మేబెల్‌కి వస్తుంది. మేబెల్‌కి ఇప్పుడు ముప్పయి దాటాయి, సరిగ్గా చేయించుకోవాల్సిన వయసు. ఆడదాన్ని, నేను చెప్తున్నా కదా, భయపడేదేం ఉండదు. ఇంజెక్షన్ అంత నొప్పి కూడా ఉండదు. కాస్త చల్లగా, పొత్తికడుపు పట్టేసినట్టు ఉంటుంది, అంతే. లేచి ఇంటికొచ్చి ఎంచక్కా చపాతీలు చేశాను నేను."

"ఎవరు?"

"అదే... అంటే..."

"ఎవరు చేసిండ్రు చపాతీలు?"

"ఎమిలీ, బయట మేబెల్ ఒక్కతే ఉన్నది. పోయి జెర సాయం చెయ్యి."

"కూసో అమ్మా. నీకు పరీక్ష చేసిండ్రా?"

"చేశారండీ. ఎప్పుడో."

"తెల్లగ కనబడ్డదా?"

"కనబడింది."

"గ్యాసు పెట్టిండ్రా?"

"పెట్టారు."

"ఎప్పుడు?"

"యాదికి లేదు బావా, చానా ఏండ్లాయె."

"నిన్ను అడగలే. ఎమిలీ, ఎప్పుడు?"

"మేం ఇక్కడ ఉన్నప్పుడేనండీ."

"ఇక్కడంటే? మా మేడ మీది గదులల్ల ఉన్నప్పుడు?"

"ఆఁ."

"మారేడ్‌పల్లి పోకముందు."

"ముందేనండీ."

"అంటే నువ్వు సుత ఇటువైపే."

"అన్నయ్యగారూ, నాకీ అటూ ఇటూ ఏం తెలీదు. ఆయన తీసుకెళ్తే వెళ్లాను."

"యెషయా, ఇటువైపు చెయ్యొద్దంటివి గద. సైన్సంటివి."

"నా పెండ్లాం బావా! ఆమె మేనత్త ఆ రోగంతోనే పోయింది. భయమైంది. తెలిసి తెలిసి ఇంట్ల ఎట్ల కూసోబెట్టుకుంట? నువ్వైతే ఊకుందువా?"

"నేనైతే ఇద్దరిని తీస్కపోదును."

"నీకు తెల్వది. అక్క ఒక్కతే పొయ్యే మనిషా? ఇది మంచిది అని ఒక్కసారి ఆమె చెవిల పడిందంటే సాయంత్రానికి నాంచారమ్మకు చెప్తది, ప్రేమమణికి చెప్తది, ఆదివారం సమాజంల లేచి అందరికీ చెప్తది. సోమవారం గల్లీకి గల్లీ వచ్చి మా డేరా ముందల లైన్ల నిలబడ్తది. ఇటువైపు ఖతం. ఇంక దేన్ని దేనితోని పోల్చాలె?"

"పదిమందిని పిలిచే మనిషని ఆమెను పిలవలే నువ్వు."

"ఒక్క గల్లీ గురించి ఆలోచిస్తే రాష్ట్రం మొత్తానికి రాదు. గట్ల అనుకున్న."

"ఎమిలీ గురించి ఆలోచించినప్పుడు రాష్ట్రం యాదికొచ్చిందా?"

"బావా..."

"ఎమిలీ నీ లెక్కల ఎటువైపున్నది?"

"ఎటువైపంటే?"

"సర్వే పిల్లలు మీదికి సుత ఎక్కిండ్రు గద. ఎమిలీ పేరు రాసుకున్నరు గద. పరీక్ష అయినట్టు రాసిండ్రా, కానట్టు రాసిండ్రా?"

"ఉన్న ఇంటిని బట్టి రాస్తరు."

"ఎట్ల రాసిండ్రు?"

"కానట్టు."

"పరీక్ష చెయ్యలే, అయినా సల్లగ బతికింది. గదేనా?"

"ఒక్క మనిషితోని లెక్క మారదు బావా."

"ఒక్క మనిషేనా?"

"నువ్వు పోలీసోని లెక్క అడగకు."

"ఎమిలీ, నీ ఎంబడి ఎవరెవరు వచ్చిండ్రు?"

"ఎమిలీ, నువ్వు ఊకో."

"ఎందుకు ఊరుకోవాలండీ? ఏడాదిగా ఊరుకునే ఉన్నాను. ఆఫీసు వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లమండీ. జీపులో బొల్లారం క్యాంపుకు వెళ్లాం, అక్కడైతే మమ్మల్ని ఎవరూ గుర్తుపట్టరని. నేను ఒక్కసారే వెళ్లాను. జీపు మాత్రం ఆ తర్వాత కూడా శనివారాలు వెళ్లేది. ఆఫీసర్ల భార్యలు, వాళ్ల అక్కచెల్లెళ్లు, డ్రైవరు భార్య, సర్వే చేసే అమ్మాయిల అమ్మలు..."

"అందరు ఇటువైపు బస్తీలోళ్లే?"

"అందుకే కదండీ జీపు."

"ఎంతమంది యెషయా?"

"లెక్కపెట్టలే."

"లెక్కలాయనవు. ఇదొక్కటి లెక్కపెట్టలేదా?"

"పెడితే ఎక్కడ రాయాలె బావా? ఒక్కణ్ని మొదలుపెట్టిన. నేను ఎమిలీని తీస్కపోయిన. అది చూసి పక్క టేబులాయన వాళ్లామెను తీస్కపోయిండు. ఇంక నేను ఎవ్వరిని వద్దంటా? ఏ నోటితోని వద్దంటా? మా ఆఫీసుల ఎవ్వరింట్ల ఎవ్వరికీ ఏమీ కాలే. వాళ్లు వాళ్ల చుట్టాలకు చెప్పిండ్రు. వాళ్ల చుట్టాలు... ఇటువైపు చావులు తగ్గినయి. తగ్గితే తేడా తగ్గింది. నాకు తెలుసు. ఫైనాన్సాయన నన్ను అడిగిండు, తేడా ఎందుకింత చిన్నగున్నదని. నీళ్లు తాగి, మళ్ల చూస్త సార్ అన్న."

"నీళ్లు తాగినవ్."

"ఏం చెప్పాలె?"

"మీ అక్క చావు ఎక్కిందా మీ లెక్కల?"

"ఎక్కింది."

"ఎవరు ఎక్కించిండ్రు?"

"నేనే."

"తేడా జెర పెరిగిందా?"

"అన్నయ్యగారూ! అంత మాట అనకండి."

"పెరిగిందా యెషయా?"

"బావా, నీ కాళ్లు మొక్కుత."

"లే. కింద కూసోకు, ప్యాంటు ఖరాబైతది. రేపు హోటలుకు పోవాలె నువ్వు."

"ఇప్పుడేం చెయ్యమంటవ్?"

"రేపు ఆ ఫైనాన్సాయనకు జీపు సంగతి చెప్పు. జీపెక్కినోళ్లను ఇటు నుంచి తీసి అటు రాస్తే తేడా వస్తదా, రాదా?"

"రావొచ్చు. అందరి పేర్లు దొరికితే."

"పథకం వస్తదా?"

"రావొచ్చు. గని బావా, చెప్తే నా నౌకరి పోతది. నాదొక్కటే కాదు, చానామందివి. పేపర్ల ఎక్కుతం. ఢిల్లీ వాళ్లు అసలు మొత్తం చెత్తబుట్టల పడేస్తరేమో. గ్యారంటీ ఏమున్నది?"

"చెప్పకుంటే గ్యారంటీగ పోతది."

"చెప్పకుంటే... నువ్వున్నవు గద. సెక్రటరీ మంచి మనిషి. నువ్వు నిలబడి, నా భార్యకు ఈ పరీక్ష ఉంటే బతికేది సార్ అని ఒక్క మాటంటే, ఆయన మనసు..."

"నీ అంకె చెడగొట్టుకున్నవ్. దాని జాగల నా ఏడుపు పెడ్తవ్."

"గట్ల కాదు."

"గట్లనే."

"సరే, గట్లనే! ఆడోళ్లు బతుకుతరు గద? ఎట్ల వస్తే ఏంది? మేబెల్ మాటేంది? మేబెల్ కోసమన్న రావా?"

"మేబెల్‌ను తేకు నడుమల."

"రేపటి మీటింగు ఏమన్న గానీ. ఎల్లుండి పొద్దుగాల నేనే వచ్చి మేబెల్‌ను తీస్కపోత. మంచి డాక్టరమ్మ ఉన్నది. ఎవ్వరికీ తెల్వదు."

"జీపులనా?"

"కారుల."

"మేబెల్‌తోని ఇప్పుడు బయట కుర్చీలు మోస్తున్నదెవరో చూసినవా?"

"ఎవరు?"

"నాంచారమ్మ కోడలు."

"ఆమెను సుత తీస్కపోత."

"ఆ పక్కింటామెను?"

"బావా, గల్లీ మొత్తాన్ని నేనెట్ల మోస్త?"

"గల్లీ మొత్తం నిన్ను మోసింది. ఏడేండ్లు తలుపు తీసి నీ పిల్లలకు సమాధానం చెప్పింది. మేబెల్ ఒక్కతే రాదు. గల్లీతోనే పోతది."

"ఏవండీ, ఇక వెళ్దాం పదండి. అన్నయ్యగారిని వదిలేయండి."

"కూసో ఎమిలీ. శనివారమంటివి. మీరు మెదక్ చర్చి చూడబోతున్నమని చెప్పి పోయింది సుత శనివారమే."

"ఆఁ."

"నువ్వు పొద్దుగాల దిగొచ్చి, వదినగారూ, ఆఫీసు వాళ్లతో మెదక్ పోతున్నం అన్నవ్. కాంతమణి అప్పటికప్పుడు పులిహోర కలిపింది."

"కలిపారండీ. టిఫిను డబ్బా నిండా. దారిలో అందరూ తినండి అన్నారు."

"జీపు ఈ గుమ్మం ముందలనే ఆగింది."

"ఆఁ."

"మెదక్ పోయిండ్రా?"

"లేదండీ."

"ఆ రోజేనా?"

"ఆ రోజేనండీ."

"జీపుల జాగ లేకుండెనా?"

"బావా, ఆమెను ఎందుకు సతాయిస్తవ్? నన్ను అడుగు."

"నిన్ను చానా అడిగిన. ఎమిలీ, జాగ లేకుండెనా?"

"ఉంది. నా పక్క సీటు ఖాళీయే. దేవుని ఎదుట చెప్తున్నా అన్నయ్యగారూ, నేను అడిగాను. వదినగారు గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపుతున్నారు. చీర కూడా మంచిదే కట్టుకున్నారు. ఈవిడను కూడా ఎక్కించుకుందామండీ అన్నాను, చిన్నగా. ఈయన నా చేతిలోంచి పులిహోర సంచి తీసుకుని ఆ సీట్లో పెట్టారు."

"సంచి పెట్టినవా యెషయా?"

"పెట్టిన."

"ఆ సంచిల ఏమున్నది?"

"పులిహోర."

"ఇంకా?"

"ఇంకేమున్నది? డబ్బా, నీళ్ల సీసా."

"డబ్బా కింద కాయితంల చుట్టి కొవ్వొత్తులు పెట్టింది. మెదక్ గుడిల వెలిగించమని. ఎమిలీ, నీకు చెప్పింది."

"అయ్యో. చెప్పారు. నేను... ఆ హడావిడిలో మర్చిపోయానండీ. ఇంటికొచ్చి డబ్బా కడిగి, ఆ సంచిలోనే పెట్టి ఇచ్చేశాను."

"కొవ్వొత్తులు సుత ఇచ్చేసినవ్. చుట్టినవి చుట్టినట్టే."

"ఎవరి కోసం బావా? మేబెల్ కోసమా?"

"నీ కోసం. తమ్ముని పని నిలబడాలని."

"అక్క నన్నెప్పుడూ అడగలే. ఒక్క మాట అడగలే."

"నాతోని అన్నది. వీళ్లు మెదక్ పోలే, ఎక్కడికో దవాఖానకు పోయొచ్చిండ్రు అన్నది. ఎమిలీకి ఏదో చెడ్డ రోగమున్నది, మనకు చెప్పనీకి సిగ్గుపడ్తున్నరు, నువ్వు సుత అడగకు అన్నది. బరువు ఎత్తొద్దన్నరు గద నిన్ను?"

"నెల రోజులు వద్దన్నారు."

"నల్లా కిందనే ఉండె. మీదికి నీళ్లెవరు మోసిండ్రు?"

"వదినగారు. నడుం పట్టేసిందన్నాను. నమ్మారనుకున్నాను."

"నమ్మలే."

"బావా, ఒక్క మాట చెప్పు. రేపు వస్తవా, రావా?"

"కారు పంపు. వస్త."

"జీపు సంగతి చెప్తవా?"

"అది నువ్వు చెప్పాలె. నేను మీ అక్క ఉపవాసం సంగతి చెప్త."

"ఉపవాసం అందరికీ ఎరుకే గద. పాస్టరుగారు ఇందాక..."

"ఉన్నదని ఎరుక. ఎవరి కోసమో ఎవ్వరికీ ఎరుకలేదు. ఆ కొవ్వొత్తులు తిరిగొచ్చిన వారం షురూ చేసింది. ఎమిలీ రోగం పోవాలని, శుక్రవారమొస్తే పచ్చి మంచినీళ్లు ముట్టలే. నువ్వు మంచిగనే తిరుగుతున్నవు ఎమిలీ, అయినా ఇడవలే. దేవుడు వింటున్నడు, ఇప్పుడు ఆపొద్దు అన్నది. ఆఖరి ఏడు ఆమె సన్నబడుతుంటే, జాకెట్లు వదులైతుంటే, మెట్లెక్కంగ కండ్లు తిరుగుతున్నయంటే, నేను, మేబెల్, ఈ గల్లీ మొత్తం ఉపవాసం వల్లనే అనుకున్నం."